పార్టీ ఫండ్ అడిగితే ఎలా ఇవ్వాలి, ఫైలు కదలకపోతే ఎలా అడగాలి: వ్యాపారుల కోసం

ఎన్నికలు దగ్గరపడుతున్నాయంటే హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వ్యాపారులు ఒకే మాట అడుగుతారు. "పార్టీ వాళ్లు ఫండ్ అడుగుతున్నారు, కాదనలేం. ఇస్తే రేపు ఇన్‌కం టాక్స్‌తో ఇబ్బంది వస్తుందా?" ఎన్నికలు లేని రోజుల్లో ఇంకో ప్రశ్న. "మా ఫైలు ఆఫీసులో ఆగింది. ఎవరితోనైనా చెప్పించుకోవచ్చా?"

రెండింటికీ జవాబు ఒకటే. పార్టీకి చందా ఇవ్వడం మన దేశంలో నేరం కాదు. మన ఇబ్బంది ఏమిటో ప్రభుత్వానికి చెప్పుకోవడం అసలే నేరం కాదు. ఇచ్చింది దాచిపెడితేనే, అడిగింది చాటుగా అడిగితేనే చిక్కు. బ్యాంకు ద్వారా, కాగితం మీద ఇవ్వలేని డబ్బు ఇవ్వకండి. నలుగురికీ చూపించలేని విన్నపం చేయకండి. ఈ రెండు మాటలు ఆచరణలో ఎలా పెట్టాలో అడుగడుగునా కింద రాశాను. పెద్ద మొత్తమైతే మీ సీఏ గారికి చూపించాకే ముందుకు వెళ్లండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ వ్యాపారం ఏ రూపంలో ఉందో చెప్పే కాగితం: సొంత పేరు మీదా, భాగస్వామ్య సంస్థా, ఎల్ఎల్‌పీనా (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్యం), ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీనా
- సంస్థ పాన్ కార్డు, సంస్థ పేరు మీదున్న చెక్ బుక్ లేదా నెట్ బ్యాంకింగ్
- కంపెనీ అయితే గత మూడు ఆర్థిక సంవత్సరాల ఆడిట్ అయిన లెక్కలు, బోర్డు మినిట్స్ పుస్తకం
- పార్టీ పూర్తి పేరు, పార్టీ పాన్, పార్టీ బ్యాంకు ఖాతా వివరాలు
- వీటన్నిటికీ విడిగా ఒక ఫైలు. కంపెనీలు లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. ఈ ఫైలునూ అంతకాలం ఉంచండి.

1. డబ్బు ఎవరిదో తేల్చుకోండి

చాలామంది దీన్ని పట్టించుకోరు. "మిల్లు నాదే, డబ్బు నాదే" అనుకుంటారు. కానీ చట్టం దృష్టిలో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వేరు, దాని యజమాని వేరు.

సొంత పేరు మీద దుకాణం ఉంటే మీరిచ్చేది మీ వ్యక్తిగత చందా. భాగస్వామ్య సంస్థ లేదా ఎల్ఎల్‌పీ అయితే సంస్థ ఖాతా నుంచి ఇవ్వవచ్చు. కాకపోతే భాగస్వాములందరూ సంతకం చేసిన ఒక పేజీ ఒప్పుకోలు కాగితం పెట్టుకోండి. అన్నదమ్ములు కలిసి నడిపే జిన్నింగ్ మిల్లుల్లో ఒకాయనది ఒక పార్టీ, ఇంకొకాయనది మరో పార్టీ అయి ఉంటుంది. ఈ కాగితం లేకపోతే గొడవ ఇంట్లోనే మొదలవుతుంది.

కంపెనీ అయితే కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 182 వర్తిస్తుంది. దాని ప్రకారం ప్రభుత్వ కంపెనీ చందా ఇవ్వకూడదు. పెట్టి మూడు ఆర్థిక సంవత్సరాలు నిండని కంపెనీ కూడా ఇవ్వకూడదు. గీసుగొండ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో నిరుడు కొత్త కంపెనీ పెట్టారనుకోండి, ఆ కంపెనీ ఖాతా నుంచి ఒక్క రూపాయి కూడా పార్టీకి వెళ్లకూడదు.

హెచ్చరిక: అలాంటప్పుడు డైరెక్టరు తన సొంత డబ్బు ఇవ్వవచ్చు. కానీ దాన్ని తర్వాత ప్రయాణ ఖర్చులనో, అడ్వాన్సు అనో కంపెనీ నుంచి తిరిగి తీసుకుంటే అది కంపెనీ ఇచ్చిన చందాయే. పైగా తప్పుడు లెక్క రాసిన పాపం కూడా తోడవుతుంది.

2. ఎవరికి ఇస్తున్నారో చూసుకోండి

పన్ను మినహాయింపు కావాలంటే ఆ పార్టీ ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని సెక్షన్ 29ఏ కింద ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పార్టీల జాబితా ఉంటుంది. చందా ఇచ్చే రోజునే చూసి, ఆ పేజీని ప్రింట్ తీసి ఫైలులో పెట్టండి. నిరుడు ఉన్న పార్టీ ఈ ఏడు ఉంటుందన్న నమ్మకం లేదు. 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో మరో 474 పార్టీలను ఎన్నికల సంఘం జాబితా నుంచి తీసేసింది. అవన్నీ రిజిస్టర్ అయినా గుర్తింపు లేని చిన్న పార్టీలు.

ఖాతా ఎవరి పేరు మీద ఉందో కూడా చూడండి. అది పార్టీ పేరు మీదే ఉండాలి. జిల్లా నాయకుడి పేరు మీదో, ఆయన బావమరిది నడిపే ట్రస్టు పేరు మీదో ఉంటే అది పార్టీకి ఇచ్చినట్టు కాదు. ఫోన్‌పేలో పంపమని నంబరు ఇస్తే, పంపే ముందు తెర మీద కనిపించే పేరు చదవండి.

నేరుగా అభ్యర్థికి ఇస్తే పన్ను మినహాయింపు రాదు. నగదుగా ఒక వ్యక్తి దగ్గర్నుంచి 10,000 రూపాయలకు మించి తీసుకోకూడదని ఎన్నికల సంఘం అభ్యర్థులకు చెబుతుంది. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. సర్పంచి అభ్యర్థికి ఇచ్చిన డబ్బును పార్టీ చందాగా చూపించడం కుదరదు. 2025 డిసెంబరులో తెలంగాణ పంచాయతీ ఎన్నికలప్పుడు ఊరివాడని ఇచ్చిన డబ్బును కూడా రిటర్న్‌లో పెట్టొచ్చు అనుకున్నవాళ్లుంటే, ఆ ఆలోచన మానుకోండి.

ఫలానా పార్టీకి ఇచ్చామని పేరు పడటం ఇష్టం లేకపోతే ఎలక్టోరల్ ట్రస్టుకు ఇవ్వవచ్చు. అదీ బ్యాంకు ద్వారానే తీసుకుంటుంది, మీ పాన్ అడుగుతుంది, వచ్చిన డబ్బును పార్టీలకు పంచుతుంది. ఎలక్టోరల్ బాండ్లు ఇప్పుడు లేవు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. ఇప్పుడు "బాండు కొనిస్తా" అని ఎవరైనా వస్తే అది మోసం.

3. ఎంత ఇవ్వచ్చో లెక్క కట్టండి

వ్యక్తులకు, భాగస్వామ్య సంస్థలకు ఇంతే ఇవ్వాలన్న పరిమితి లేదు. కంపెనీలకు ఉంది.

గత మూడు ఆర్థిక సంవత్సరాల నికర లాభాల సగటులో ఏడున్నర శాతం దాటకూడదన్నది 2013 చట్టంలో మొదటి నుంచి ఉన్న నియమం. 2017లో ఆ పరిమితిని తీసేశారు. ఎలక్టోరల్ బాండ్ల తీర్పులోనే, అలా తీసేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటర్నెట్‌లో 2017 నుంచి 2023 మధ్య రాసిన వ్యాసాలు చదివి "లిమిట్ లేదు కదా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏడున్నర శాతం లోపే ఉండండి.

ఉదాహరణకు మీ కంపెనీ లాభం మొదటి ఏడు 40 లక్షలు, రెండో ఏడు 20 లక్షలు, మూడో ఏడు 60 లక్షలు అనుకుందాం. సగటు 40 లక్షలు. అందులో ఏడున్నర శాతం 3 లక్షలు. ఇది ఒక్కో పార్టీకి కాదు, ఆ ఆర్థిక సంవత్సరంలో అన్ని పార్టీలకూ కలిపి. అధికార పార్టీకి 3 లక్షలు, ప్రతిపక్షానికి 3 లక్షలు ఇచ్చి "ఇద్దరికీ సమానంగా ఇచ్చాం" అంటే సరిపోదు. లాభం లెక్కను సీఏ గారి చేత వేయించి సంతకం తీసుకోండి.

4. తీర్మానం చేయండి (కంపెనీలకు)

చందా ఇచ్చే ముందే బోర్డు సమావేశంలో తీర్మానం కావాలి. సమావేశం అంటే సమావేశమే. వాట్సాప్ గ్రూపులో అందరూ ఓకే పెట్టినా, కాగితం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించినా ఈ పనికి చెల్లదు. నమూనా ఇలా ఉండొచ్చు:

"కంపెనీల చట్టం, 2013 సెక్షన్ 182 ప్రకారం, ఈ ఆర్థిక సంవత్సరంలో ............ పార్టీకి (పాన్ ............) రూ. ............ ను కంపెనీ బ్యాంకు ఖాతా నుంచి అకౌంట్ పేయీ చెక్కు లేదా ఎలక్ట్రానిక్ బదిలీ ద్వారా చందాగా ఇవ్వడానికి బోర్డు ఆమోదించింది. ఈ మొత్తం, ఇదే సంవత్సరంలో ఇంతకుముందు ఇచ్చినదానితో కలిపి, చట్టం చెప్పిన పరిమితికి లోబడే ఉందని బోర్డు పరిశీలించింది."

పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయితే ఈ తీర్మానాన్ని 30 రోజుల్లోగా రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు ఎంజీటీ-14 ఫారంలో పంపాలి. ప్రైవేట్ కంపెనీలకు సాధారణంగా ఈ ఫారం అక్కర్లేదు.

ముందు డబ్బిచ్చి, ఆడిట్ టైంలో పాత తేదీతో తీర్మానం రాయించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇది ప్రమాదం. నియమం తప్పితే కంపెనీకి ఇచ్చిన మొత్తానికి అయిదు రెట్ల వరకు జరిమానా పడుతుంది. బాధ్యులైన అధికారులకు ఆరు నెలల వరకు జైలు, అదే లెక్కన జరిమానా.

5. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి

అకౌంట్ పేయీ చెక్కు, డీడీ, నెఫ్ట్, ఆర్‌టీజీఎస్. ఇలాంటివే దారులు.

"రెండు వేల దాకా క్యాష్ ఇవ్వచ్చు కదా" అని అడుగుతారు. ఆ రెండు వేల నియమం పార్టీ కోసం. అంతకు మించి నగదు తీసుకుంటే పార్టీ తన పన్ను రాయితీ కోల్పోతుంది. మీ విషయంలో నగదుగా ఇచ్చిన చందాకు, అది వంద రూపాయలైనా, మినహాయింపు సున్నా.

నగదే కావాలని పట్టుబట్టేవాళ్లకు చెప్పడానికి మాట ముందే సిద్ధంగా పెట్టుకోండి. "అన్నా, మా దగ్గర క్యాష్ నడవదు. పార్టీ అకౌంట్ నంబర్, పాన్ పంపు, మా సీఏతో మాట్లాడి చెక్కు పంపిస్తా." నిజంగా పార్టీ కోసం వచ్చినవాళ్లయితే వివరాలు పంపుతారు. తమ కోసం వచ్చినవాళ్లు మళ్లీ రారు. ఇలా చెప్పడానికి చాలామంది భయపడతారు, అది నాకు తెలుసు. అందుకే ఒంటరిగా చెప్పే బదులు మీ వర్తక సంఘం తీర్మానంగా చెప్పించండి. బజారు మొత్తం "చెక్కే ఇస్తాం" అంటే ఒక్క దుకాణం మీద కోపం రాదు.

6. రసీదు తీసుకోండి

రసీదు మీద పార్టీ పేరు, పార్టీ పాన్, మీ సంస్థ పేరు, మీ పాన్, మొత్తం, చెక్కు నంబరు లేదా యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీకి వచ్చే నంబరు), తేదీ ఉండాలి. "శ్రేయోభిలాషి" అనో "వరంగల్ మిత్రులు" అనో రాసిన రసీదు పనికిరాదు. డబ్బు సంస్థ ఖాతా నుంచి వెళ్లి, రసీదు యజమాని పేరు మీద వస్తే వెంటనే మార్పించుకోండి. మార్చి 31 దాటాక అది కష్టం.

7. పుస్తకాల్లో, రిటర్న్‌లో చూపించండి

కంపెనీ అయితే లాభనష్టాల ఖాతాలో మొత్తాన్నీ, పార్టీ పేరునూ చూపాలి. 2017 సవరణ తర్వాత కొన్నేళ్లు పార్టీ పేరు రాయకపోయినా నడిచింది. 2024 తీర్పుతో ఆ వెసులుబాటు పోయింది. ఇతర ఖర్చుల్లోనో, వ్యాపార ప్రచారంలోనో కలిపేయకండి.

పన్ను మినహాయింపు ఆదాయపు పన్ను చట్టం, 1961లో కంపెనీలకు సెక్షన్ 80జీజీబీ కింద, మిగతావాళ్లకు సెక్షన్ 80జీజీసీ కింద నూటికి నూరు శాతం వస్తుంది. కానీ ఇది అందరికీ రాదు. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లు కొత్త పన్ను విధానంలో ఉంటే రాదు. 22 శాతం పన్ను రేటు ఎంచుకున్న కంపెనీలకూ రాదు. భాగస్వామ్య సంస్థలకు వస్తుంది. రాదని తెలిశాక కూడా చందా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అది మీ ఇష్టం. మినహాయింపు వస్తుందన్న లెక్కతో మాత్రం ఇవ్వకండి. ఆదాయపు పన్ను చట్టం, 2025 వర్తించేది 2026 ఏప్రిల్ 1 నుంచి. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఏ సంవత్సరం రిటర్నో చూసుకుని ఆ నంబరు వేయించండి.

80జీజీసీ అడిగే రిటర్న్‌లో చందా తేదీ, మొత్తం, యూటీఆర్ లేదా చెక్కు నంబరు, బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ నింపాలి. ఆరో అడుగులో చెప్పిన రసీదు ఇక్కడ పనికొస్తుంది.

8. చందాలా కనిపించని చందాలు

అసలు చిక్కులన్నీ ఇక్కడే ఉన్నాయి. చెక్కు రాసేటప్పుడు జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా ఇక్కడ జారిపోతారు.

సావనీర్ ప్రకటన: పార్టీ మహాసభ పేరుతో వేసే సావనీర్‌కో (ప్రత్యేక సంచికకో), కరపత్రానికో మీ కంపెనీ ప్రకటన ఇస్తే, సెక్షన్ 182 దాన్ని చందాగానే లెక్కిస్తుంది. తీర్మానం, పరిమితి అన్నీ వర్తిస్తాయి. ఆదాయపు పన్నులో దాన్ని వ్యాపార ప్రకటన ఖర్చుగా రాయడం కుదరదు.

ఫ్లెక్సీలు, పేపర్ ప్రకటనలు: అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం సభ పెట్టినా, ప్రకటన ఇచ్చినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 176 కింద 10,000 రూపాయల వరకు జరిమానా. అనుమతి ఉంటే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి వెళ్తుంది. శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు. మీరు అభిమానంతో కట్టిన ఫ్లెక్సీలు ఆయనకే తలనొప్పి కావచ్చు.

ఉచిత సేవలు: ఫంక్షన్ హాలు సభకు ఊరికే ఇవ్వడం, లారీలు పంపడం, బంకులో డీజిల్ పోయించడం. డబ్బు చేతులు మారలేదు కదా అనుకోవద్దు. అద్దెకు ఇచ్చి బిల్లు వేయండి, బిల్లు డబ్బు బ్యాంకులో తీసుకోండి. సిరిసిల్లలో ఎన్నికల జెండాలు, కండువాలు నేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అందరికీ అమ్మే ధరకే అమ్మి బిల్లు ఇస్తే అది వ్యాపారం. సగం ధరకు ఇచ్చి మిగతా సగం "పార్టీకి మా వంతు" అంటే, లెక్కలేని చందా అవుతుంది.

సీఎస్ఆర్ నిధులు (కంపెనీలు సమాజ సేవకు ఖర్చు పెట్టే డబ్బు): పార్టీకి ఇచ్చిన డబ్బు సీఎస్ఆర్ కింద చెల్లదని నిబంధనల్లోనే రాసి ఉంది. నాయకుడి ఫొటోతో పంచే నోటు పుస్తకాలు, అంబులెన్సులకు సీఎస్ఆర్ వాడే ముందు రెండుసార్లు ఆలోచించండి.

గణేష్ మండపం, బతుకమ్మ సంబరం, మేడారం జాతరకు అన్నదానం: ఇవి మన సంప్రదాయం, ఇవ్వడంలో తప్పు లేదు. ఒక్కటి చూసుకోండి. రసీదు ఉత్సవ కమిటీ పేరు మీద ఉందా, నాయకుడి పేరు మీద ఉందా? ఎన్నికల కోడ్ అమల్లో ఉండగా నాయకుడి చేతుల మీదుగా పంచే చీరలకు మీ డబ్బు వెళ్తే అది ఓటర్లను ప్రలోభపెట్టడం కిందికి వస్తుంది.

ప్రింటింగ్ ప్రెస్, ఫ్లెక్సీ దుకాణం నడిపేవాళ్లకు ఒక మాట. ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ఆర్డరు ఇచ్చినవాడి దగ్గర, అతన్ని తెలిసిన ఇద్దరు సాక్షుల సంతకాలతో డిక్లరేషన్ తీసుకోవాలి. ముద్రించాక కాపీతో పాటు దాన్ని అధికారులకు పంపాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 127ఏ. తొందరలో అర్ధరాత్రి వచ్చే ఆర్డర్లలోనే ఇది మరిచిపోతారు.

9. విదేశీ డబ్బు కలపకండి

మన దగ్గర ప్రతి రెండో ఇంట్లో అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఒకరుంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన నుంచి ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తమ్ముడు ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) మీద వచ్చి ఇచ్చే డబ్బు మాత్రం విదేశీ విరాళమే. పార్టీలు, అభ్యర్థులు దాన్ని తీసుకోకూడదు. అతని డబ్బు మీ ఖాతాలో వేయించుకుని మీ పేరుతో పంపడం కూడా చేయకండి.

10. ఎన్నికల కోడ్ రోజుల్లో వ్యాపార నగదు

ఇది చందా విషయం కాకపోయినా, చందా అనుమానంతో పట్టుబడేది ఎక్కువగా వ్యాపారులే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి కొని రైతుకు డబ్బివ్వడానికి వెళ్తుంటే చెక్‌పోస్టులో ఆపుతారు. 50,000 దాటిన నగదుకు ఆధారాలు అడుగుతారు.

వెంట ఉంచుకోవాల్సినవి: బ్యాంకు విత్‌డ్రా చీటీ లేదా స్టేట్‌మెంట్, తక్‌పట్టీ (మార్కెట్‌లో సరుకు అమ్మకానికి రైతుకు ఇచ్చే చీటీ), జీఎస్టీ బిల్లు, క్యాష్ బుక్‌లో ఆ రోజు పేజీ కాపీ, గుర్తింపు కార్డు. గుమాస్తాతో పంపితే, ఫలానా పనికి పంపుతున్నామని లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. ఆ బండిలో పార్టీ కండువాలు, కరపత్రాలు ఏవీ లేకుండా చూడండి.

డబ్బు పట్టుకుంటే వాదన పెట్టుకోకండి. పంచనామా కాపీ, రసీదు అడిగి తీసుకోండి. ముగ్గురు అధికారులతో జిల్లా గ్రీవెన్స్ కమిటీ ఉంటుంది, కలెక్టరేట్‌లో అడిగి ఆధారాలతో దరఖాస్తు ఇవ్వండి. మొత్తం 10 లక్షలు దాటితే ఆదాయపు పన్ను శాఖకు సమాచారం వెళ్తుంది. లెక్క సరిగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

పోలింగ్ రోజున ఓటున్న పనివాళ్లకు జీతంతో సెలవు ఇవ్వడం కూడా చట్టమే, మరిచిపోకండి.

11. ప్రభుత్వాన్ని అడగడం: పైరవీ లేకుండా

కొన్ని దేశాల్లో లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాలు తమకు అనుకూలంగా వచ్చేలా ప్రయత్నించడం) చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. చట్టం లేదంటే ఎలాగైనా చేయొచ్చని కాదు. అవినీతి నిరోధక చట్టం, 1988 ఉంది, 2018 సవరణ తర్వాత ఇంకా పదునెక్కింది.

లంచం తీసుకునేవాడితో పాటు ఇచ్చేవాడూ నేరస్థుడే. ఏడేళ్ల వరకు జైలు. కంపెనీ, భాగస్వామ్య సంస్థ తరఫున ఎవరైనా లంచం ఇస్తే సంస్థకు జరిమానా పడుతుంది. డైరెక్టరో, భాగస్వామో ఒప్పుకుని చేయించినట్టు తేలితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. "నేనివ్వలేదు, మధ్యవర్తి ఇచ్చాడు" అన్నది కాపాడదు. పలుకుబడితో పని చేయించిపెడతానని డబ్బు తీసుకునే మధ్యవర్తికి విడిగా సెక్షన్ 7ఏ ఉంది. ఎమ్మెల్యే, ఎంపీలకు ఇచ్చేదీ ఇంతే. సభలో ఓటుకో, ప్రసంగానికో లంచం తీసుకుంటే వాళ్లకు రక్షణ లేదని 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

అందుకని ఇలా చేయండి:

మొదట, నిర్ణయం ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. క్వారీ లీజు, మిల్లు కరెంటు, మార్కెట్ ఫీజు, దేనికదే వేరే శాఖ. పరిశ్రమ అనుమతులైతే టీజీ-ఐపాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఏకగవాక్ష అనుమతుల విధానం) ద్వారా దరఖాస్తు చేస్తే గడువులు చట్టంలోనే ఉన్నాయి. దరఖాస్తు నంబరు, తేదీ రాసిపెట్టుకోండి.

తర్వాత, ఒక పేజీలో వినతిపత్రం రాయండి. సమస్య ఏమిటి, ఏ నిబంధన వల్ల వచ్చింది, ఎంతమందిపై ప్రభావం పడుతోంది, మీరు ఏం కోరుతున్నారు. నాలుగు పేరాలు చాలు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలోనో, శాఖ కార్యాలయంలోనో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని వినతిపత్రం ఇవ్వనట్టే లెక్క.

స్పందన లేకపోతే సమాచార హక్కు చట్టం కింద "నా దరఖాస్తు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఏ తేదీన ఏం రాశారు" అని అడగండి. చాలా ఫైళ్లు ఈ ఒక్క ప్రశ్నతోనే కదులుతాయి. సమస్య అందరిదీ అయితే మీ వర్తక సంఘం, రైస్ మిల్లర్ల సంఘం, గ్రానైట్ సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్లండి. ఎమ్మెల్యేనో, మంత్రినో కలవడం మంచిదే. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, ఏం మాట్లాడారో అదే రోజు సంఘం మినిట్స్‌లో రాయండి.

కన్సల్టెంటును పెట్టుకుంటే ఒప్పందం రాసుకోండి. చేసే పనికి ఫీజు ఇవ్వండి. "పని అయితే ఇంత శాతం" అనే ఒప్పందం వద్దు, ఆ శాతంలో ఎవరి వాటా ఉందో మీకు తెలియదు.

లంచం అడిగితే, ఇవ్వకముందే ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) చెప్పండి. టోల్ ఫ్రీ నంబరు 1064. బలవంతాన ఇవ్వాల్సి వచ్చినా ఏడు రోజుల్లోగా పోలీసులకో, ఏసీబీకో తెలియజేస్తే ఇచ్చిన నేరం మీకు అంటదు. ఎనిమిదో రోజున చెప్తే ఆ రక్షణ ఉండదు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. టెండరు, లీజు, ధాన్యం మిల్లింగ్ కేటాయింపు లాంటిది నడుస్తున్నప్పుడు పార్టీకి చందా ఇవ్వకండి. చెక్కుతో, తీర్మానంతో ఇచ్చినా సరే. ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసేవాడికి ఒకటి ఇంకొకదానికి బదులుగానే కనిపిస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పు

అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచింది ఇది. ఒక ఏజెంటు వస్తాడు. ఫలానా చిన్న పార్టీ ఖాతాకు లక్ష నెఫ్ట్ చేయమంటాడు. రసీదు పక్కాగా ఇస్తాడు. కమిషన్ పట్టుకుని మిగతాది నగదుగా తెచ్చిస్తాడు. పన్ను మిగిలిందని సంతోషిస్తారు. ఆ పార్టీ మీద తనిఖీ జరిగినప్పుడు దాతల జాబితా మొత్తం బయటకొస్తుంది. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా తప్పుడు మినహాయింపులపై తనిఖీలు చేసినప్పుడు పేరు పెట్టి చెప్పిన సెక్షన్లలో 80జీజీసీ ఒకటి. పన్ను, వడ్డీ కాక, ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు. ఇలాంటిది ఇప్పటికే చేసి ఉంటే నోటీసు కోసం ఎదురుచూడకండి. అప్‌డేటెడ్ రిటర్న్ వేసి సరిదిద్దుకోవడానికి సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 48 నెలల దాకా గడువుంది. ఆలస్యమయ్యే కొద్దీ అదనపు పన్ను 25 నుంచి 70 శాతం దాకా పెరుగుతుంది.

అంతా సరిగా జరిగిందో చూసుకోవడం

ఫైలు తెరిచి ఈ తేదీలు వరుసగా చూడండి: ముందు లాభం లెక్క, తర్వాత బోర్డు తీర్మానం, ఆ తర్వాత బ్యాంకు చెల్లింపు, చివర రసీదు. వరుస తప్పితే ఎక్కడో లోపం ఉంది. రసీదు మీది మొత్తం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోది, లాభనష్టాల ఖాతాలోది, రిటర్న్‌లోది నాలుగూ ఒకటే అయి ఉండాలి.

మరో పరీక్ష బయట నుంచి. ఒక దాత నుంచి ఏడాదిలో 20,000 రూపాయలు దాటి వచ్చిన చందాల వివరాలను పార్టీలు ఫారం 24ఏలో ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. గుర్తింపు పొందిన పార్టీల నివేదికలు వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. మీరిచ్చిన తర్వాతి ఏడాది ఆ నివేదిక తెరిచి మీ సంస్థ పేరు, పాన్, మొత్తం, చెల్లించిన విధానం వెతకండి. ఉంటే ఆ పేజీ ప్రింట్ తీసి ఫైలులో పెట్టండి. లేకపోతే రసీదు కాపీ జతచేసి పార్టీ కోశాధికారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి, దాని కాపీ మీ సీఏ గారికి ఇవ్వండి.